కదలని ముడి

“ధాత సంవత్సరం, మాఘ మాసం, బహుళ చవితి. ఆ పూట తిన్నది గంజిదొడ్డిలో పోసిన జొన్నగంజి, నంజుకోను ఉడకేసిన బలుసాకు. ఉప్పు లేదు.”

తెరగా కట్టిన దుప్పటి వెనకనుంచి పెంచలమ్మ గొంతు అంత నింపాదిగా వినబడేసరికి, బయట దవాఖానా అరుగు మీద కూర్చున్న సిద్ధయ్య తలెత్తాడు.

వైద్యుడు వెంగయ్య అడిగింది చిన్న ప్రశ్న. “ఆ గడ్డ మొదట ఎప్పుడు చేతికి తగిలిందమ్మా?” దానికి జవాబు ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా దారి పొడుగునా సిద్ధయ్య నాలుక మీదే పెట్టుకుని వచ్చాడు. మొన్న దసరాకు. పెంచలమ్మ తనకు చెప్పింది అప్పుడే. ఇప్పుడు నడుస్తున్నది బహుధాన్య ఫాల్గుణం. ఆరు నెలలు కూడా నిండలేదు.

ధాత అంటే కరువు సంవత్సరం, సర్కారువాళ్ళు గంజిదొడ్లు పెట్టి ఆకలిగొన్నవాళ్ళకు గంజి పోసిన ఏడు. ధాత వెళ్ళి ఈశ్వర వచ్చింది, ఈశ్వర వెళ్ళి బహుధాన్య వచ్చింది. రెండేళ్ళు. ఈ రెండేళ్ళూ తన పక్కన పడుకున్న మనిషి రొమ్ములో అది ఉంది.

“ఏందిరా ఇది?” అక్క ఓబమ్మ అతని మోచెయ్యి పొడిచింది. “దసరా అన్నావు గదరా నాతో?”

“నాతో దసరా అనే చెప్పిందక్కా.”

“గంజిదొడ్డికి పోయిందా? వడ్లోళ్ళ ఇంటి కోడలు, ముంత పట్టుకోని వరసలో నిలబడిందా?”

“అదీ నాకు తెలీదు.”

ఓబమ్మ నోరు మూసుకుంది. అది ఆమెకు అలవాటు లేని పని.

ధాత మాఘంలో సిద్ధయ్య ఇంట్లో లేడు. దుత్తలూరు దగ్గర కరువు పనిలో కంకర కొడుతున్నాడు. గరిటెలు చెక్కి బతికే వడ్రంగి అతను; ఆ ఏడు ఉదయగిరిలో చెక్క గరిటెలు కొనే నాథుడు లేడు. కలబెట్టుకోవడానికి కుండలో ఏదైనా ఉంటే కదా గరిటె. బిడ్డకు ఒళ్ళు కాలిపోతోందని కబురొచ్చి అతను ఇల్లు చేరేసరికి, పూడ్చిపెట్టి రెండు రోజులైపోయింది. తొమ్మిది నెలల పిల్లవాడు. జ్వరం వచ్చిన నాటినుంచి ఆ నాలుగు రోజులూ ఎట్లా గడిచాయని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. తర్వాత తర్వాత ఆ అడగకపోవడం, చెప్పకపోవడం ఇంట్లో ఒక సామానులాగా ఓ మూల స్థిరపడిపోయాయి.

నిన్న బండి దుత్తలూరు దాటుతుంటే, తను కొట్టిన కంకరే చక్రాల కింద గరగరలాడింది. పెంచలమ్మ కుదుపుకు తట్టుకోలేక చెయ్యి రొమ్ముకు అడ్డం పెట్టుకుంది. అతను ముఖం తిప్పుకుని ఎడ్ల తోకల వంక చూశాడు.

ఆ దవాఖానాలో ఒక పద్ధతి ఉంది. ఆడమనిషి ఒళ్ళు చూడాల్సివస్తే దుప్పటి తెర దించుతారు. తెర లోపల లిదియమ్మ ఉంటుంది. మిషనువాళ్ళ మతంలో కలిసిన మనిషి, కాన్పులు చేసి చేసి నిదానం నేర్చుకున్న చెయ్యి. తెర ఇవతల వెంగయ్య గోడవైపు తిరిగి కూర్చుంటాడు. తెర ఉన్నా సరే, గోడవైపే. ఆయన అడుగుతాడు, లిదియమ్మ వేళ్ళు వెతుకుతాయి, ఆమె నోరు చెబుతుంది.

“ఆమె చెయ్యి తగిల్తే ఇంటికి రాంగానే తలకు పోసుకోవాల్సిందే” అని పొద్దున ఓబమ్మ దవాఖానా గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

“పోసుకుంటాలే వదినా. ఈ యేడు బావిలో నీళ్ళన్నా ఉండాయి గదా” అని పెంచలమ్మ ఆమెను తప్పుకుని లోపలికి నడిచింది.

లిదియమ్మ ఆ మాటలు విననట్టే ఉంది. కుంపటి ముందు కూర్చుని అరచేతులు కాచుకుంది. చల్లటి వేళ్ళు తగిలితే మనిషి ఉలిక్కిపడుతుందని.

“ఎంత ఉంది లిదియమ్మా?” వెంగయ్య గోడను అడిగాడు.

“ఉసిరికాయంత ఉండాదయ్యా.”

“నొక్కితే?”

“లోపలికి పోదు. గట్టిగా ఉండాది.”

“నొప్పంటోందా?”

“లేదంటా ఉండాది.”

“పైన చర్మం ఎట్లా ఉంది?”

“ఒక చోట గుంట పడిందయ్యా, లోపలినుంచి దారం పెట్టి లాగినట్టు. చనుమొన కూడా లోపలికి తిరిగిపొయ్యింది.”

“వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ జరిపి చూడు. నిదానంగా. కదులుతుందా?”

అరుగు మీద సిద్ధయ్య తలుపు వైపు వంగాడు.

“కదలదయ్యా. కింద గట్టిగా పట్టుకోని ఉండాది.”

సిద్ధయ్య అక్క వైపు తిరిగి, “చూసినావా? నేను చెప్పలా!” అన్నాడు.

దసరా నాడు బొటనవేలితో నొక్కి అతను చూసింది ఆ ఒక్క సంగతే. కొయ్యపని పట్టినవాడు మొట్టమొదట నేర్చుకునేది అది. నర్ది చెక్కలో గానీ బిక్కి చెక్కలో గానీ ముడి కనబడితే బొటనవేలితో నెట్టి చూస్తారు. కదిలిందంటే అది చచ్చిన కొమ్మ ముడి. నేడో రేపో ఊడి పడుతుంది, గరిటెకు బొక్క మిగులుతుంది. కదలకపోతే భయం లేదు. చుట్టూ చెక్క చెడినా ఆ ముడి చెడదు. “మంచి ముడేలే, పుచ్చేది కాదు” అన్నాడు ఆ రోజు. పెంచలమ్మ నవ్వి రవిక సర్దుకుంది.

ఆ తర్వాత సంక్రాంతి వెళ్ళాక ఓబమ్మ తమ్ముణ్ణి చూడడానికి ఉదయగిరి వచ్చి, మరదలికి తలంటుతూ ఆ గుంట పడిన చోటు చూసింది. ఆమె పెట్టిన పోరు పడలేకనే ఇప్పుడీ ప్రయాణం.

“కదలదు. విన్నావా అక్కా?” సిద్ధయ్య మళ్ళీ అన్నాడు.

ఓబమ్మ అతన్ని చూడడం లేదు. తలుపు సందులోనుంచి వెంగయ్య వీపును చూస్తోంది. ఆయన గోడకేసి చూస్తూ అలాగే కూర్చున్నాడు.

“చంకలో చూడు,” అన్నాడు చివరికి.

“ఒక బిళ్ళ తగల్తా ఉండాదయ్యా. కందిగింజంత.”

“ఒకటేనా? బాగా చూడు.”

“ఒకటే.”

“సరే. అమ్మను బట్ట సర్దుకోమను. తొందరేం లేదు, నేను బయటికి పోతున్నాను.”

*

వెంగయ్యకు కుర్చీ ఉంది. దాన్ని లోపలే వదిలి వచ్చి, అరుగు మీద సిద్ధయ్య పక్కనే కూర్చున్నాడు. పెంచలమ్మ గడప దగ్గర ఒదిగి కూర్చుంటే ఆమెకు చెంబుతో మజ్జిగ ఇప్పించాడు. ఆమె తాగేదాకా ఊరికే ఉన్నాడు.

“ఇది సెగ్గడ్డ కాదు సిద్ధయ్యా. సెగ్గడ్డయితే సలుపుతుంది, కాలుతుంది, చీము పట్టి పగులుతుంది, పోతుంది. దీన్ని మనవాళ్ళు కంతి అంటారు.”

“కంతి మా తాతకు ఉండె సామీ!” సిద్ధయ్యకు ఒక్కసారిగా మాట వచ్చింది. “మెడ మీద, నిమ్మకాయంత. ఎనభై ఏండ్లు బతికినాడు. చిన్నప్పుడు నేను ఏడిస్తే ‘ఇదిగో నా నిమ్మకాయ తీసుకోరా’ అని వొంగేవాడు. దాంతోనే ఆడుకునేవాణ్ణి.”

వెంగయ్య నవ్వాడు. “నువ్వు పట్టుకుంటే అది జారేదా?”

“చర్మం కింద చేపపిల్ల మాదిరి జారేది.”

“అదీ తేడా.”

సిద్ధయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

“ఒళ్ళన్నాక పెరుగుతూనే ఉంటుంది,” అన్నాడు వెంగయ్య. “గోరు పెరుగుతుంది. తెగిన చోట కండ పూడుకుంటుంది. పూడుకున్నాక ఆగుతుంది. ఎప్పుడో, ఎక్కడో ఒక పిసరు కండ ఆ ఆగడం మరిచిపోతుంది. ఎందుకు మరిచిపోతుందో నాకు తెలియదు, నాకు చదువు చెప్పినవాళ్ళకూ తెలియదు. బయటినుంచి వచ్చింది కాదు, ఎవరో పెట్టింది కాదు. ఈ అమ్మ కండే, అక్కర లేకుండా పెరుగుతోంది. కంతి అంటే అంతే. మీ తాతది కూడా అదే. కాకపోతే అది తన చుట్టూ ఒక సంచి కట్టుకుని అందులోనే కూర్చుంది, పక్కవాళ్ళ జోలికి పోలేదు. ఇది సంచిలో కూర్చునే రకం కాదు. వేళ్ళు పంపిస్తుంది. పైచర్మం గుంట పడింది అందుకే. కదలనిదీ అందుకే.”

“మీ ఇంగిలీషు వైద్యంలో దీనికి పేరేమన్నా ఉండాదా సామీ?” ఓబమ్మ అడిగింది. “పేరు తెలిస్తే మొక్కుకోనన్నా మొక్కుకుంటాం.”

“ట్యూమర్ అంటారమ్మా. మొక్కుకునేంత పేరు కాదు. తెల్లవాళ్ళకు లాటిన్ అని ఒక పాత భాష ఉంది, మనకు సంస్కృతం ఉన్నట్టు. అందులో ఆ మాటకు ఉబ్బు అని అర్థం, అంతే. వెనకటి వైద్యులకు లోపల ఏముందో తెలియదు. పైకి ఉబ్బింది కనబడింది, ఉబ్బు అన్నారు. కాలు బెణికి వాచినా వాళ్ళకు ఆ మాటే. పోను పోను, ఇట్లా తనంతట తాను పెరిగే కండకే ఆ పేరు మిగిలింది. మంచిదానికీ అదే పేరు, చెడ్డదానికీ అదే పేరు. కాబట్టి పేరు విని ఏడవాల్సిన పని లేదు.”

“ఇది ఏ రకం?”

అడిగింది ఓబమ్మ. వెంగయ్య జవాబు మాత్రం ఆమెకు గానీ సిద్ధయ్యకు గానీ చెప్పలేదు. గడప వైపు తిరిగి, పెంచలమ్మకు చెప్పాడు. “చెడ్డ రకమే అనుకుంటున్నానమ్మా. రాచపుండు అంటారే, ఇది పగిలితే అదవుతుంది. ఇంకా పగల్లేదు.”

పెంచలమ్మ చెంబు కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది.

“పాలు కాదా అయ్యా?”

“ఏ పాలమ్మా?”

“నేను పాలగడ్డ అనుకున్నాను.”

“పాలు గడ్డకడితే జ్వరం వస్తుంది. నెల తిరక్కుండా పగులుతుంది, లేకుంటే కరిగిపోతుంది. రెండేళ్ళు నిలవవమ్మా పాలు.”

ఆమె తల ఊపింది. ఊపుతూనే ఉంది కాసేపు. వెనక నిలబడ్డ లిదియమ్మ వంగి చెంబు అందుకుంటూ, ఎవరూ చూడకుండా ఆమె భుజం మీద చెయ్యి వేసి తీసింది. ఓబమ్మ చూసింది. ఈసారి ఏమీ అనలేదు.

“సామీ,” అన్నాడు సిద్ధయ్య. “మా పనిలో కదిలే ముడే చెడ్డది. చచ్చిన కొమ్మది. కదలనిది బతికున్న కొమ్మది. చెట్టుతో కలిసి పెరిగి ఉంటాది. అందుకే మంచిది.”

వెంగయ్య ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేదు.

“ఇదీ అంతే సిద్ధయ్యా. బతికే ఉంది. ఒంటితో కలిసి పెరిగింది. అందుకే చెడ్డది.”

ఇంకా చాలా చెప్పాడు. నెల్లూరు పెద్దాసుపత్రిలో దీన్ని తీసేస్తారని, ఒక మందు వాసన చూపిస్తే మైకం కమ్ముతుందని, కోసేటప్పుడు తెలియదని, తర్వాత మాత్రం నొప్పి ఉంటుందని. రొమ్ము మొత్తం తీస్తారని. చంకలో బిళ్ళ కూడా.

“తీస్తే నయమైపోతుందని ప్రమాణం చెయ్యలేను. తీయించుకున్నవాళ్ళలో నిలబడ్డవాళ్ళు కొందరున్నారు. వద్దని ఇంటికి పోయినవాళ్ళలో నిలబడ్డవాళ్ళను నేను చూడలేదు. పోతే ఇప్పుడే పోవాల. చంకలో అది ఒకటిగా ఉన్నప్పుడే.”

*

ఆత్మకూరులో ఓబమ్మది రెండంకణాల ఇల్లు. మొగుడు పోయి పదేళ్ళయినా అత్తవారి ఊరు వదల్లేదు. ఇంటి ముందు కొండయ్య బండి ఇరుసుకు ఆముదం రాస్తున్నాడు. కొండయ్యది ఉదయగిరే. సిద్ధయ్య చెక్కిన గరిటెలు, దువ్వెనలు బండి నిండా వేసుకుని సంతలకు తిరుగుతాడు. ఈసారి గరిటెల మూటల మీద గడ్డి పరిచి పెంచలమ్మను కూర్చోబెట్టుకుని వచ్చాడు.

“ఎడ్లను ఎటు తిప్పేది అన్నా?” అన్నాడు వాళ్ళను చూడగానే. “పడమరకైతే తెల్లారుజామున కాడి కడతా. తూరుపుకైతే ఇంకో మోపు గడ్డి కావాల.”

“ఉండ్రా,” అన్నాడు సిద్ధయ్య.

“ఉండేదేంది? తూరుపుకే. నెల్లూరికే,” అంది ఓబమ్మ.

పెంచలమ్మ ఎవరివంకా చూడకుండా ఇంటి పక్కగా పెరట్లోకి నడిచింది. తలకు పోసుకుంటానని మాట ఇచ్చింది కదా. బావి గిలక చప్పుడు మొదలైంది.

ఇంట్లోకి అడుగు పెట్టీ పెట్టకముందే సిద్ధయ్య అందుకున్నాడు.

“పెంచలకోన పోయి మొక్కుకోని, పసరు కట్టిస్తా అక్కా. మా కొండ మీద ఆకులు లేవా? మా వూళ్ళో మనుషులు బతకడంలా?”

“రెండేండ్లు పెరిగినదానికి ఇప్పుడు ఆకు కడతావా?”

“కత్తి పెట్టనియ్యను. కత్తి సంగతి నాకు తెలుసు. నేను బతికేది దాంతోనే. కదలని ముడి చుట్టూ తవ్వినానంటే ఆ చెక్క ఇంక దేనికీ రాదు. నెర్రెలిస్తాది. ఎన్ని చూళ్ళేదు?”

“నీ పెండ్లాం గరిటె కాదురా!” ఓబమ్మ గొంతు వీధిలోకి పోయింది. “ఎప్పుడు చూడు చెక్క, చెక్క! చెక్కకు జరమొస్తాదా? చెక్క ఏడస్తాదా? బొటనవేలితో నొక్కి మంచి ముడి అన్నాడంట, పెద్ద వైద్యుడు! ఆ వేలు కోసుకోలేకపోయినావా?”

“నేనేం కావాలని అన్నానా?”

“కావాలని అన్లేదు. తెలుసుకోని అన్లేదు. ఆమె చెప్పిన రోజే బండెక్కించుంటే ఆ చంకలో కందిగింజన్నా లేకపోను.”

“చెప్పిన రోజంటావా? రెండేండ్లు చెప్పలేదు గదా నాకు!”

“ఏం చెప్తాది నీకు? అడిగినావా ఎప్పుడన్నా?”

సిద్ధయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అతనికి అరిచే ఓపిక అయిపోయింది. ఓబమ్మకు ఇంకా కొంచెం మిగిలింది. ఆ మిగిలిన కొంచెమే ముంచింది.

“అయినా, ఒక రొమ్ము పోతే ఏంది ఇప్పుడు? తాగేవాడెవడున్నాడు?”

పెరట్లో గిలక చప్పుడు ఆగిపోయింది.

ఇంట్లో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట ఇరుసు దగ్గర కొండయ్య చెయ్యి కూడా ఆగినట్టుంది. వీధిలో ఎవరిదో మేక అరిచింది.

చాలాసేపటికి నీళ్ళు తల మీద కుమ్మరించుకున్న చప్పుడు వినబడింది. తర్వాత గిలక మళ్ళీ తిరిగింది.

ఓబమ్మ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. పొద్దుటి సంకటి ముద్ద చేసి తమ్ముడి ముందు పెట్టింది. ఉట్టి మీద తనకని దాచుకున్న పెరుగు దించి మొత్తం అతని ఆకులో వంచింది. కుండ అడుగు వేలితో తుడిచి మరీ వేసింది.

“తిను,” అంది. ఆ ఒక్క మాటలో ఆమె క్షమాపణ అంతా ఉంది. అది తనకు కాదని, పెరట్లో మనిషికని సిద్ధయ్యకు తెలుసు. అయినా తిన్నాడు.

*

పొద్దు వాలుతోంది. పెంచలమ్మ బావి గట్టు పక్కన కూర్చుని తడిజుట్టు ఆరబెట్టుకుంటోంది. సిద్ధయ్య వెళ్ళి కాస్త ఎడంగా కూర్చున్నాడు. కింద పడివున్న పుల్ల ఒకటి తీసుకుని గోటితో బెరడు గీకసాగాడు.

“వదిన మీద కోప్పడబాక,” అంది ఆమె. “నోరే గానీ మనసులో ఏమీ ఉండదు.”

“విన్నావా?”

“వీధంతా విన్నాది.”

పుల్ల బెరడు ఊడిపోయింది. లోపల తెల్లగా ఉంది.

“గంజిదొడ్డికి పోయిన సంగతి నాతో చెప్పలేదే,” అన్నాడు.

“నువ్వు కంకర కొట్టి పంపిన జొన్నలు వారంలో అయిపోయినాయి. నాకోసం పోలేదయ్యా. వాడికి పాలు లేవు. చీకి చీకి ఏడ్చేవాడు. వడ్లోళ్ళ ఆడది గంజికి వచ్చిందని నలుగురూ చూస్తారని మొగాన ముసుగేసుకోని పోయినాను. మూడు పూట్లు తాగినాక పాలు పడినాయి.” ఆమె జుట్టు చివర్లు పిండింది. నీళ్ళేమీ రాలేదు. “పడినాయి గానీ, అప్పటికే వాడికి నోరు తెరిచే ఓపిక లేదు.”

సిద్ధయ్య పుల్లను రెండుగా విరిచాడు. ఆ రెండు ముక్కల్నీ చేతిలోనే పట్టుకున్నాడు.

“వాణ్ణి పూడ్చి వచ్చిన మర్నాడు కూడా పోయి గంజి తాగినాను. ఎందుకు పోయినానో తెలీదు. ఆ పూటే చేతికి తగిలింది. వాడు తాగని పాలే గడ్డకట్టినాయి అనుకున్నాను. చెప్తే పసరేసి కరిగిస్తారు గదా. ఉండనీలే అనుకున్నాను.”

బావి మీది గిలక గాలికి ఒకసారి కదిలి ఆగింది.

“వాడివి ఇవొక్కటే ఉండాయి నా దగ్గర అనుకోని, రెండేండ్లు మోసినాను. అవి కాదంట.”

ఆమె ఏడవలేదు. పెద్ద బరువు దించిన మనిషిలాగానూ లేదు. దించిన మూటలో ఏముందో చూసుకుని ఊరికే కూర్చున్న మనిషిలా ఉంది. సిద్ధయ్య చెయ్యి చాపి ఆమె వీపు మీద వెయ్యబోయి, తన బొటనవేలు కనబడి, వెనక్కి తీసుకున్నాడు.

కాసేపటికి లేచి వీధిలోకి నడిచాడు.

“కొండయ్యా, తూరుపుకే. నెల్లూరు.”

కొండయ్య చక్రం దగ్గరనుంచి తలెత్తలేదు. “తెలుసులే అన్నా. మోపు గడ్డి కొనకొచ్చినా కూడా.”

“ఎవరు చెప్పినారు నీకు?”

“మా వదినే. నువ్వు లోపల సంకటి తింటా ఉంటే తడిబట్టలతో ఇట్ట వచ్చి చెప్పి పోయింది. కుదుపు లేకుండా పోవాలంటే ఎంత నిదానంగా తోలాల అని అడిగింది. కుండలు మోసుకుపోయినట్టు తోల్తా వదినా అన్నాను. ఆడోళ్ళిద్దరికీ సరిపోను మెత్తగా పరిచినా, చూడు.”

“ఇద్దరికా?”

“ఆమె, ఓబమ్మక్క.”

“మరి నేను?”

కొండయ్య ఆముదం గుడ్డ తీసుకుని, అప్పటికే మెరుస్తున్న ఇరుసును మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. “అది నన్నడగబాక అన్నా. నేను బండోణ్ణి.”

*

దీపం పెట్టే వేళ. ఓబమ్మ లోపల మూట కడుతోంది. గుమ్మంలో నిలబడ్డ పెంచలమ్మ దగ్గరికి వచ్చి సిద్ధయ్య అరుగు దిగువనే ఆగిపోయాడు.

“నన్ను రావద్దని చెప్పినావంట.”

“చెప్పినాను.”

“దసరా నాటి మాటకు కోపమా?”

“కోపమా!” ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. “నువ్వు తెలీక చెప్పినావు. నేను తెలిసీ చెప్పలా. కోపం ఎవరి మీదని?”

“మరి?”

ఆమె తలుపు చెక్కకు ఆనుకుంది. చీకట్లో ముఖం సరిగ్గా కనబడడం లేదు.

“నువ్వొస్తే నీకు ధైర్యం చెప్పాల. దారి పొడుగునా చెప్పాల. నువ్వు నా మొగం చూస్తా ఉంటావు, నేను నవ్వాల. దసరా నాడు నవ్వినాను. నీకోసమే నవ్వినాను. పైన గుంట పడినప్పుడు కూడా ఏంలేదులే అని నవ్వినాను. నా దగ్గర ఇంక అంత లేదయ్యా. ఉన్నది నాకే చాలేట్టు లేదు.”

“ఊరికే వస్తాను. మాట్లాడను. బండి వెనక నడిచి వస్తాను.”

“నీ నోరు ఊరుకుంటాది. నీ మొగం ఊరుకోదు గదా.”

నిజమే. అతని ముఖం ఎప్పుడూ ఊరుకోలేదు. ఆమె కడుపుతో ఉన్నప్పుడు, పిల్లవాడు పోయినప్పుడు, ఇప్పుడు.

“మైకంలోనుంచి లేచినప్పుడు ఎవరున్నా ఒకటే,” అందామె, ఇంకా మెల్లగా. “లేవకపోతే ఎవరున్నా ఒకటే. నువ్వు ఉదయగిరి పో. పని చేసుకో.”

“నేను పోను.”

“పోకుంటే పోబాక. బండి మాత్రం ఎక్కబాక.”

లోపలినుంచి ఓబమ్మ “పెంచలా, చీర ఇంకోటి పెట్టేదా?” అని పిలిచింది. పెంచలమ్మ వెళ్ళిపోయింది. కొండయ్య బండి కిందే గోనె పరుచుకుని పడుకున్నాడు. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. సిద్ధయ్య అరుగు మీద తుండు పరుచుకుని, తలుపుకు ఎదురుగా ఒత్తిగిలి పడుకున్నాడు.

ఆ తలుపు గడియ అతను చెక్కిందే. అక్క ఈ ఇంటికి కాపురానికి వచ్చిన ఏడు, బలమైన నర్ది చెక్క వెతికి, ఒక్క ముడి లేకుండా చూసి చేసిచ్చాడు. కొంచెం బిగువు ఎక్కువైంది. ఎప్పుడు వేసినా నాలుగిళ్ళకు వినబడేట్టు టక్కుమంటుంది. ఒంటరి మనిషి కనక దీపం ఆర్పకముందే గడియ వెయ్యడం ఓబమ్మకు అలవాటు. నిన్న రాత్రి, తను అరుగు మీదే పడుకున్నా, వేసింది.

లోపల దీపం కదిలింది. గుమ్మంలోకి వచ్చింది పెంచలమ్మ. అరుగు మీద తన వైపు చూసిందో, బండి వైపు చూసిందో అతనికి తెలియలేదు. కళ్ళు మూసుకున్నాడు. ముఖం ఊరుకోనిమ్మని బతిమాలుకున్నాడు.

ఒక రెక్క వచ్చి నిలిచింది. తర్వాత రెండోది, కిర్రుమనకుండా చేత్తో కొంచెం పైకెత్తి పట్టి, మెల్లగా చేరవేసింది. సందులోని వెలుగు సన్నబడి పోయింది.

సిద్ధయ్య గడియ చప్పుడు కోసం ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు.

పడలేదు.